నేనెరిగిన సేవకు

జనవరి 10, 1887

మొదటి పేజీ పూర్తయిందనుకుని పైకి తీసుకెళ్లాను. ఫెరీగో దొరగారు అద్దాలు పెట్టుకున్నారు, తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. "వెన్నెలలో తడిసిన పాలరాతి మెట్లు" అన్న చోట ఆగిపోయారు.

"మెట్లు వెన్నెల్లో ఎలా తడుస్తాయమ్మాయీ? పోటు నీళ్లకి తడుస్తాయి. అక్కడ నాచు పట్టి కిందటేడు మా చెల్లెలు జారిపడింది కూడా."

కొట్టేశారు. "కాలం మరిచిపోయిన కిటికీలు" కూడా కొట్టేశారు. కిటికీలకు పోయినేడే రంగు వేయించారట. కిందకి వచ్చేసరికి పేజీలో మిగిలినవి: ఇంటి పేరు, కాలువ పేరు, ఒక కామా.

ఈస్టరు వెళ్లిన బుధవారం దొరగారి మనవరాలు లుక్రేసియా పెళ్లి. మా వెనీసులో పెద్దింటి పెళ్లికి చక్కెర బాదంపప్పులు పంచితే చాలదు. ఇంటి పాతకాగితాల్లోంచి ఏదో ఒకటి బయటికి తీసి, చిన్న పుస్తకం అచ్చు వేయించి చుట్టాలకు పంచాలి. దాన్ని ఎవరూ చదవరు, లేకపోతే మాత్రం అందరూ అడుగుతారు. దొరగారికి చూపు మందగించింది. నా దస్తూరీ బాగుంటుంది, పైగా పంతులమ్మల బడిలో ఆఖరి ఏడాది. అందుకని ఒర్సెగాన్ వారి మేడ చరిత్ర రాసే పని ఆ ఇంటి పడవవాడి కూతురికి వచ్చింది.

"బాగా కుదిరితే నీ పేరు కూడా వేయిద్దాం, ఆంజొలా," అన్నారు మొదటి రోజు. నాలుగు రోజులు నా కాళ్లు నేలకి ఆనలేదు. ఇవాళ ఆనాయి.

జనవరి 13

పెళ్లికొడుకు మిలాను నుంచి వచ్చాడు. ఇంజనీరు. ఆ మేడలో ఎవరూ చూడని చోట్లన్నీ చూశాడు. ఆఖరికి నీటి వాకిలి పక్క గదిలోకి, అంటే మా గదిలోకి, వచ్చి జేబులోంచి కొలత టేపు తీశాడు.

"ఇక్కడెవరైనా ఉంటున్నారా?"

నేనూ, నాన్నా, తాడు మీద ఆరేసిన బట్టలూ, అందరం అక్కడే ఉన్నాం.

"నూట డెబ్బై ఏళ్లుగా ఉంటున్నాం బాబూ," అన్నాడు నాన్న. "ఇంకా స్థిరపడలేదు."

అతను నవ్వలేదు. ఇల్లంతా వెచ్చబెట్టడానికి బొగ్గు బాయిలరు పెడతారట. పడవలోంచి బొగ్గు దించడానికి ఈ గదే అనువుగా ఉందట. నాన్న తెడ్డు భుజాన వేసుకుని నేరుగా మేడ మీదకే వెళ్లాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

"దొరా, ఆ గది మీ పెద్దలు మా పెద్దలకి ఇచ్చింది."

"కాగితముందా మొమోలో?"

"మా అమ్మ చెప్పింది దొరా."

"మీ అమ్మ మాట మీద బాయిలరు ఆగదురా. కాగితం చూపించు, గది మీదే. ఇది ఒర్సెగాన్ మాట. లేదంటే ఈస్టరు దాకా చూస్తాను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అటకమీది పెట్టెలు తెరిచేది నేనే కదా.

జనవరి 14

మూడు పెట్టెలు వెతికాను. ఎలుకలు నాకంటే ముందే చదివేశాయి.

జనవరి 19

దొరగారు చరిత్ర రోము నుంచి మొదలుపెట్టమంటున్నారు. ఒర్సెగాన్‌ల మూలపురుషుడు రోములో సేనాపతి అట. ఆధారం ఏదండీ అంటే, "ముక్కు," అన్నారు. నిజమే, హాల్లో ఉన్న బొమ్మలన్నిటికీ అదే ముక్కు. మధ్యలో ఎత్తుగా లేచి, చివర ఎడమవైపుకి వంగుతుంది.

పాత గుమాస్తా రాసిన ఇంటి పుస్తకం దొరికింది. రోజుకో రెండు వరుసలు. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ కిటికీ ఊడింది. మధ్యలో విడిగా ఒక మడత కాగితం. గొలుసుకట్టు రాత, దారుణంగా ఉంది. మొదటి వరుస మాత్రం పట్టుకున్నాను: "1708 జనవరి. ఉప్పుకయ్య అంతా గడ్డకట్టింది."

మా ఊరి చుట్టూ ఉండే ఆ ఉప్పునీళ్లు గడ్డకట్టేంత మంచు పడింది 1709లో. అది మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఎంత చలి వేసినా నాన్న, "తొమ్మిది నాటి మంచు ముందు ఇదెంతలే," అంటాడు. ఏడాది కూడా సరిగా రాయలేని మనిషి ఇంకేం నిజం రాస్తాడు? మిగతా రెండు పేజీలకూ కళ్లు పాడుచేసుకోదలచుకోలేదు. బల్ల కాలు కింద పెట్టాను. బల్ల ఊగడం ఆగింది. గుమాస్తా రాత ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

జనవరి 27

దొరికింది!!

1709 అక్టోబరు. పెద్ద దొరసాని కోర్నేలియా సంతకం, మైనపు ముద్ర.

"నా భర్త పోలో ఒర్సెగాన్ పోయిన తరువాత, నేనెరిగిన సేవకు గాను, మా పడవవాడు తొనీనుకూ అతని సంతానానికీ నీటి వాకిలి పక్క గదిని, దాని గోడకు తెడ్డు వేలాడినంత కాలం ఉండుటకు ఇచ్చితిని."

తొనీను మా నాన్న తాతకి తాత. పైకి పరుగెత్తాను. దొరగారు రెండుసార్లు చదివించుకున్నారు. ఇంజనీరుకి మిలానుకి ఉత్తరం రాయించారు: బాయిలరుకి వేరే చోటు చూసుకోవాలి. నాన్న గోడకున్న తెడ్డుకి నూనె రాశాడు. వంటమనిషి కతీనవ్వ మొక్కజొన్న సంకటీ, పులుసులో ఊరిన సార్డీన్ చేపలూ పంపింది.

ఇక్కడితో ఈ డైరీ ఆపేసి ఉండాల్సింది. (ఈ వాక్యం తరువాత రాశాను.)

జనవరి 30

నేనెరిగిన సేవకు గాను.

ఎంత మంచి మాట! దొరగారు నా రాతలోంచి కొట్టేసిన మాటలన్నీ కలిపినా దీనికి సాటి రావు. నేనెరిగిన. అంటే ఇంకెవరూ ఎరగని. బడిలో లెక్కల పాఠం జరుగుతుంటే పుస్తకం అంచు మీద పదకొండు సార్లు రాశాను.

ఏమిటా సేవ?

ఫిబ్రవరి 3

ఇంటి పుస్తకం మళ్లీ తెరిచాను. చరిత్ర కోసమే. ఊరికే కాదు.

పోలో ఒర్సెగాన్ మరణం: 1708 జనవరి 9.
ఆయన కొడుకు జువాన్ బాప్తిస్మం: 1709 సెప్టెంబరు 14.

వేళ్ల మీద లెక్కపెట్టాను, కాగితం మీద లెక్కపెట్టాను. ఇరవై నెలలు. తండ్రి పోయిన ఇరవై నెలలకు కొడుకు! నెల తిరక్కుండానే పడవవాడికి గది. నేనెరిగిన సేవకు గాను.

హాల్లోకి వెళ్లి జువాన్ బొమ్మ ముందు నిలబడ్డాను. కింద నాన్న పడవ కడుతున్నాడు, కిటికీలోంచి పక్కవాటుగా ఆయన ముక్కు కనిపించింది. మధ్యలో ఎత్తుగా లేచి, చివర ఎడమవైపుకి.

పై అంతస్తు వాళ్లూ మేమూ ఒకటే రక్తం. దొరగారు నాకు ఏమవుతారో లెక్క కట్టడానికి ప్రయత్నించాను. ఆరో తరం దాయాది, కొంచెం అటూ ఇటూగా.

ఫిబ్రవరి 4

ఇవాళ మెట్లెక్కుతుంటే ఎప్పుడూ లేనిది మధ్యలోంచి నడిచాను. ఎప్పుడూ గోడవారగా వెళ్లేదాన్ని.

ఫిబ్రవరి 6

నాన్నకు చెప్పాను. చెప్పకూడదనే అనుకున్నాను. మనసులో పెట్టుకోమని మూడుసార్లు చెప్పాను.

నాన్న గోడకున్న అద్దం దగ్గరికి వెళ్లి ముక్కు పట్టుకుని చూసుకున్నాడు.

"ఏమే, మీ అమ్మ బతికుంటే నన్ను ఇంకో రకంగా పిలిచేది."

"నాన్నా, ఎవరికీ అనకు."

"నేనా? నా నోట్లో నువ్వుగింజ నానదా ఏంటి?"

నానదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో రాయాలనుకుని గంటసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. వాక్యం రాలేదు.

ఫిబ్రవరి 12

రేవులో పడవవాళ్లు నాన్నను "దొరా" అని పిలుస్తున్నారట. సంతోషంగా చెప్పాడు. వాళ్లు వెక్కిరిస్తున్నారని ఆయనకు తెలియదు. లేక తెలిసే సంతోషపడుతున్నాడా?

ఫిబ్రవరి 17

కార్నివాల్ గురువారం. ఊరంతా వేషాలు. సాయంత్రం నాలుగింటికి రేవు పడవ ఒకటి మా నీటి వాకిలి ముందుకొచ్చి ఆగింది. దాని నిండా పడవవాళ్లు. మధ్యలో ఒకడు కౌంటు దొర వేషం, తెల్ల విగ్గు, మూరెడు అట్టముక్కు ఎడమవైపుకి వంచి. చేతిలో తెడ్డు. పక్కన మీసాలున్న దొరసాని కడుపు నిమురుకుంటోంది.

"ఏలినవారూ, తమరి మేడకి దారెటు?"

"కింది గదిలోంచేరా!"

"ముక్కెక్కడిది దొరా?"

"రేవు సొత్తురా! అద్దెకి తెచ్చుకున్నా!"

వంతెన మీద జనం పడీపడీ నవ్వారు. పై కిటికీలో లుక్రేసియా నవ్వబోయి ఆగింది. ఆమె పక్కన దొరగారు నిలబడి ఉన్నారు. వెళ్లిపోతారేమో అనుకున్నాను. వెళ్లలేదు. పడవ మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి, తరువాత తన చేత్తోనే కిటికీ రెక్కలు వేసుకున్నారు.

ఫిబ్రవరి 18

ఇద్దరినీ పిలిపించారు.

"ఆ లెక్క కట్టింది నువ్వేనా?" అని నన్నడిగారు. పుస్తకం చూపించాను. అద్దాలు పెట్టుకుని రెండు తేదీల మీదా వేలు పెట్టారు. ఇది తప్పని అరుస్తారని చూశాను. అరవలేదు. ఆయన కూడా వేళ్ల మీద లెక్కపెట్టారు.

"మొమోలో, ఆ కాగితం నేను చించను. కానీ ఏ సేవకిచ్చిందో ఇప్పుడు ఊరంతా పాడుతోంది. ఆ గదిలో నువ్వున్నంత కాలం ఆ పాట ఉంటుంది. ఈస్టరుకి ఖాళీ చెయ్యి."

"ఒర్సెగాన్ మాట అన్నారు దొరా."

"నేను ఒర్సెగాన్‌నో కాదో నీ కూతురినే అడుగు."

అంతే. పుస్తకం పని కూడా ఆగిపోయింది. పెళ్లికి ఏదో పద్యం అచ్చు వేయిస్తారట.

ఫిబ్రవరి 19

నాదేం తప్పు? తేదీలు నేను కల్పించలేదు.

ఫిబ్రవరి 20

తేదీలు నేను కల్పించలేదు.

ఫిబ్రవరి 25

లెంటు ఉపవాస దినాలు మొదలయ్యాయి. నాన్న నాతో మాట్లాడుతున్నాడు, అదే బాధ. తిట్టి ఉంటే బాగుండేది. "గది పోతే పోయిందిలే, పైవాళ్లు మనవాళ్లని తేలింది కదా," అంటాడు. రేవు వెనక ఒక కొట్టు గది చూశాడట. కిటికీ లేదు. తెడ్డు పట్టేంత గోడ కూడా లేదు.

దొరగారు వారంగా గది దాటి రావడం లేదని కతీనవ్వ చెప్పింది. జువాన్ బొమ్మను గోడవైపుకి తిప్పించారట.

"డెబ్బై రెండేళ్ల మనిషమ్మాయ్. అద్దం ముందు కూర్చుని ముక్కు కేసి చూసుకుంటున్నాడు. ఏం పెట్టినా ముట్టడం లేదు. ఏం చేశావే నువ్వు?"

మార్చి 1

పొద్దున్నే వంటింట్లోంచి ఒకటే మోత. కతీనవ్వ కిటికీలోంచి సగం బయటికి వంగి ఇత్తడి మూకుడు మీద గరిటెతో బాదుతోంది.

"ఏంటవ్వా, లెంటు రోజుల్లో ఈ గోల?"

"పాత ఏడాదిని తోలేస్తున్నానే. మార్చిని కొట్టి పిలవాలి, లేకపోతే రాదు. మా కొండవైపు పల్లెల్లో ఇవాళ ప్రతి ఇంటి ముందూ ఇదే మోత."

"పాత ఏడాది డిసెంబరులోనే పోయింది కదా!"

"అది మీకు, ఇప్పుడు. పాత రోజుల్లో, డోజుగారు ఊరిని ఏలినప్పుడు, మీ వెనీసు దొరలకీ ఇవాళే సంవత్సరాది. మా అవ్వ చెప్పేది. జనవరి, ఫిబ్రవరి రెండూ పాత ఏడాదికే చెల్లు." మళ్లీ బాదింది. "పో! పో! ముసలి ముండా!"

మార్చి 2

అలా అయ్యుండదు. పల్లెటూరి మాటలు.

మార్చి 2, మళ్లీ

అలా అయితే 1708 జనవరి అంటే 1709 జనవరి. మంచు ఏడాది. గుమాస్తా తప్పు రాయలేదు.

పోలో దొర పోయింది కూడా 1709 జనవరిలో. బిడ్డ సెప్టెంబరులో.

ఎనిమిది నెలలు.

ఎనిమిది నెలలు, అయిదు రోజులు.

మార్చి 3

బల్లను ఎత్తి ఆ కాగితం తీశాను. బల్లకాలి ముద్ర గుండ్రంగా పడింది. రాత దారుణమే. ఒక్కో మాటా గోరుతో పట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చదివాను.

పోలో దొర ఒడ్డు అవతలి పొలాల ఇంట్లో జ్వరంతో పడ్డారు. ఉప్పుకయ్య గడ్డకట్టింది. పడవ నడవదు, బండి దిగదు. వైద్యుడు ఆశ వదులుకున్నాడు. నా ఇంట్లో, నా భార్య ముందు పోతానని దొర ఏడ్చారట. తొనీను పడవ అడుగున రెండు దూలాలు బిగించి, దొరను గొంగళ్లలో చుట్టి లోపల పడుకోబెట్టి, నడుముకి తాడు కట్టుకుని మంచు మీద లాగాడు. రెండు పగళ్లు. దారిలో రెండుసార్లు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. ఎడమ కాలి వేళ్లు పోయాయి. నీటి వాకిలి దాకా లాక్కొచ్చాడు. దొర ఇంకా మూడు రోజులు బతికారు. తాను గర్భవతినని దొరసాని ఆయనకు చెప్పగలిగింది. ఆయన విని నవ్వారని రాశాడు గుమాస్తా.

నేనెరిగిన సేవ.

ఇదంతా ఆరు వారాలు నా బల్ల కాలు కింద ఉంది.

మార్చి 4

ఇప్పుడు రెండు కథలున్నాయి. ఒకటి నిజం. రెండోది నాకు ఇష్టం. ఇష్టమైన దాంట్లో నేను దొరల బిడ్డను. నిజమైన దాంట్లో తాడు కట్టుకుని లాగినవాడి బిడ్డను. ఒక రోజంతా ఏమీ చేయకుండా గడిపాను.

మార్చి 5

నాన్నకు చదివి వినిపించాను. పడవకి నల్లరంగు వేస్తూ విన్నాడు.

"అయితే మనం దొరలం కాదన్నమాట."

"కాదు నాన్నా."

"కాలి వేళ్లు ఎన్ని పోయాయన్నావు?"

"నాలుగు."

కాసేపు కుంచె ఆడించాడు. "నాలుగు వేళ్లిచ్చి గది తెచ్చాడా! పిచ్చి ముండాకొడుకు. నేనైతే కిటికీ కూడా అడిగేవాణ్ణి." తరువాత మొహం అటు తిప్పుకున్నాడు. "రేవుకి ఏ మొహం పెట్టుకుని పోను?"

మార్చి 6

దొరగారు తలుపు తీయలేదు. తలుపు ఇవతల నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మంచు విరిగిన చోటికి వచ్చేసరికి గడియ తీసిన చప్పుడైంది.

నా తప్పు చెప్పాను. పాతకాలపు ఏడాది ఎప్పుడు మొదలయ్యేదో చెప్పాను. ఇంట్లో అందరికంటే ముందు అది వంటమనిషికి తెలుసని కూడా చెప్పాను.

"జనవరి..." ఆయన వేళ్లు మడిచారు. "ఫిబ్రవరి, మార్చి..." సెప్టెంబరు దగ్గర ఆగారు. "ఎనిమిది."

"ఎనిమిది నెలల అయిదు రోజులండీ."

కుర్చీలో కూలబడ్డారు. "నా చిన్నప్పుడు మా తాతగారు ఫిబ్రవరి ఉత్తరాల మీద కిందటేడు వేసేవాడు. ముసలాయనకి మతిపోయిందని నవ్వుకునేవాళ్లం. మా పంచాంగం మాకే తెలియకుండా పోయింది చూశావా?" గొంతు తగ్గించి, "మొమోలో ముక్కు నేను కూడా చూశాను. నలభై ఏళ్లుగా పడవలో నా వెనకాలే నిలబడ్డాడు, ఎప్పుడూ చూడలేదు. ఈ రెండు వారాల్లో కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

మంచు కాగితం ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"గది అతనిదే. వెళ్లి చెప్పు." గుమ్మం దాకా వచ్చాక మళ్లీ పిలిచారు. "ఆ మంచు కాగితం ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయిద్దాం. నీ వెన్నెల అందులో కలపకు."

కలపలేదు. కలపడానికి చోటు కూడా లేదు అందులో.

మార్చి 29

అచ్చు కాగితాలు వచ్చాయి. పదహారు పేజీలు. "సంకలనం: కౌంటు ఫెరీగో ఒర్సెగాన్." నా పేరు లేదు. వెనక పేజీ చూశాను, అట్ట లోపల చూశాను. లేదు.

అడగలేదు. ఆరు వారాలు బల్ల కాలు కింద పెట్టినదాన్ని ఏ మొహంతో అడగను? కానీ కోపం వచ్చింది. వచ్చిందని రాసి పెడుతున్నాను. మొదటి వాక్యంలో ఒక కామా మాత్రం నాది.

ఏప్రిల్ 13

పెళ్లి.

ఇంజనీరు బాయిలరు అటక మీద పెట్టిస్తాడట. ఇల్లు కూలుతుందని నాన్న, కూలదని అతను. పెళ్లి బట్టలతోనే నీటి వాకిలి దగ్గర వాదించుకున్నారు.

నాన్న కొత్త నడికట్టు కట్టుకుని ముందు పడవ నడిపాడు. లోపల దొరగారూ, పెళ్లికూతురూ. ముసుగు ఎత్తి పట్టుకోవడానికి నేను. పెద్ద కాలువలోకి తిరగగానే రేవు కనిపించింది. నాన్న తెడ్డు తడబడింది. పడవవాళ్లందరూ వరసగా నిలబడి ఉన్నారు. మంచు కథ ఊరంతా తెలిసి నెలైంది, అయినా వాళ్లకి ఆ పేరు వదలబుద్ధి కాలేదు.

"దండాలు దొరా!" అందరూ ఒక్క గొంతుతో అరిచి టోపీలు తీశారు.

ముందు దొరగారు, వెనక నాన్న, ఇద్దరూ ఒకేసారి టోపీలు తీశారు.

లుక్రేసియా నా చెయ్యి గట్టిగా పట్టుకుని నవ్వు ఆపుకుంది. దొరగారు వెనక్కి తిరగలేదు. నాన్న ముందుకి చూడలేదు. ఎండ పక్కనుంచి పడుతోంది. రెండు తలలు, పక్కవాటుగా రెండు మొహాలు, నీళ్లలో వాటి నీడలు.

ఎనిమిది నెలల అయిదు రోజులు. మూడుసార్లు సరిచూశాను, లెక్కలో పొరపాటు లేదు.

ముక్కుల సంగతి నేను రాయను.